షట్టరు వేసి ఉన్న మూడు షాపులు

2021 వర్షాకాలంలో, కరోనా రెండో విడత తగ్గి బజార్లు మళ్లీ తెరుచుకుంటున్నప్పుడు, నన్ను బందరు, అంటే మచిలీపట్నం, కేంద్రంగా ఒక సర్వేకి ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. నేను పనిచేసిన పరిశోధనా సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఎవరో నిధులిచ్చి ఒక ప్రశ్న అడుగుతారు, మేము ఊళ్లు తిరిగి జవాబు తెస్తాం. అదీ మా వృత్తి. ఈసారి అడిగిన ప్రశ్న, కష్టకాలంలో చిన్న వ్యాపారాలు నిలబడటానికి ఏది తోడ్పడుతుంది అని. బందరు, గుడివాడ, దివిసీమ మా పరిధి.

మా పని తీరు తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఇన్వెస్టిగేటర్లు షాపు షాపుకీ వెళ్లి షెడ్యూలు నింపుతారు. షెడ్యూలంటే అచ్చువేసిన ప్రశ్నల పత్రం. నింపిన వాటిలో కొన్నింటిని ఫీల్డ్ ఆఫీసరు స్వయంగా వెళ్లి సరిచూడాలి. ఆఖర్న, సేకరించిన వివరాలన్నీ సరైనవేనని ధ్రువపత్రం మీద సంతకం పెట్టేది కూడా ఫీల్డ్ ఆఫీసరే. ఆ పైన హైదరాబాదులో ప్రాజెక్టు డైరెక్టరు ఉంటారు. ఏ షాపులకు వెళ్లాలో కరోనాకు ముందున్న జాబితాలోంచి చీటీలు తీసి నిర్ణయిస్తారు. రెండుసార్లు వెళ్లినా షాపు తాళం వేసి ఉంటే ‘మూత’ అని రాసి, జాబితాలో దాని తర్వాతి షాపుకి వెళ్లాలి. ఇది నియమం.

అలా మూత అని రాసిన ఒక టైలరింగు షాపును సరిచూడటానికి బందరులో ఒక ఉదయం బయల్దేరాను. ప్రైవేటు స్కూళ్లకు యూనిఫారాలు కుట్టే షాపు అది. షట్టరు దించి, తాళం వేసి ఉంది. పక్కనున్న పుస్తకాల షాపాయన, ఆవిడ ఇల్లు వెనక సందులోనే అని చెప్పాడు. మూతపడినట్టు ఒక సంతకం తీసుకుంటే నా పని అయిపోతుంది కదా అని వెళ్లాను.

వాకిట్లో చదరంగా వంచిన ఇనుప చువ్వల ఫ్రేములు గుట్టగా పడి ఉన్నాయి. రేకుల పంచ కింద మూడు కుట్టుమిషన్లు నడుస్తున్నాయి. షాపు యజమాని రహీమున్నీసా గారికి యాభై ఏళ్లుంటాయి. నా పేరు, హోదా చెప్పి, మీ షాపు మూతబడిందని మా రికార్డులో ఉంది, ధ్రువీకరించుకుందామని వచ్చానన్నాను. ఆవిడ మిషను ఆపింది.

“మూతబడిందని ఎవరు రాశారండీ?”

మా ఇన్వెస్టిగేటరు రెండుసార్లు వచ్చి చూశాడని చెప్పాను.

“షట్టరు వేశానండీ. పని మానేశానని ఎవరితో అన్నాను? ఈ ఫ్రేములు ఆ షాపు గదిలో పడతాయా మీరే చెప్పండి. అందుకే మిషన్లు ఇంటికి తెచ్చుకున్నాను. మీ మనిషి తాళాన్ని చూసి వెళ్లిపోయాడు. పక్క షాపులో ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా?”

కూర్చోమని స్టూలు వేయించింది కానీ, ఆ కోపం మాత్రం దాచుకోలేదు.

ఆ ఫ్రేములు రొయ్యల చెరువుల్లో వాడే చెక్ ట్రేలవి. ఫ్రేముకి సన్నటి వల బిగించి, అందులో కొంచెం మేత వేసి చెరువులోకి దించుతారు. కాసేపటికి పైకి తీసి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసి మిగతా మేత వేస్తారు. స్కూళ్లు మూసి యూనిఫారాలు ఆగిపోయాక ఆవిడ ఈ వలలు కుట్టడం మొదలుపెట్టింది. ఈ పని ఎవరు చూపించారని అడిగితే, “మా ఏసురత్నం తమ్ముడు. అవనిగడ్డ. పెళ్లిళ్లకి షామియానాలు సప్లయి చేస్తాడు” అంది. ఫ్రేములు చేసేదెవరంటే, గుడివాడలో వెల్డింగు షాపు వెంకట్రావు అంది.

లాడ్జికి వచ్చి ఫైళ్లు తిరగేశాను. అవనిగడ్డలో ఏసురత్నం సప్లయి కంపెనీ: మూత. గుడివాడలో వెంకట్రావు వర్క్‌షాపు: మూత. ముగ్గురూ మా చీటీల్లో పడటం యాదృచ్ఛికమే. ముగ్గురినీ మేము చచ్చినవాళ్ల కింద రాసి పక్కన పెట్టడం మాత్రం యాదృచ్ఛికం కాదు, మా నియమం చేసిన పని.

మర్నాడు ఏసురత్నాన్ని కలిశాను. నలభై దాటని మనిషి, తన చిన్న వ్యానులోకి మేత బస్తాలు ఎక్కిస్తూ దొరికాడు. లాక్‌డౌన్లో పెళ్లిళ్లు ఆగిపోతే, వ్యాను ఖాళీగా పెట్టలేక కృత్తివెన్ను రొయ్యల చెరువులకి మేత తోలడం మొదలుపెట్టానన్నాడు.

“అక్కడ రైతులు ట్రేలు చిరిగిపోయినయ్యి, బయట్నించి సరుకు రావట్లేదు అంటన్నారండి. నా షామియానాలకి చిరుగు పడితే కుట్టేది అక్క. నా పందిరి గొట్టాలు చేసేది వెంకట్రావు బావ. వాళ్లిద్దరూ ఖాళీగానే ఉన్నారు. ఇంకెవర్నడుగుతాను?”

మొదటిసారి చేసిన ట్రేలు వారం తిరగకుండా తిరిగొచ్చాయట. నీళ్లకి వల అంచు దగ్గర కుట్టు వీడిపోయింది. రహీమున్నీసా గారు అన్నీ విప్పి, షామియానా అంచుకి వేసే దళసరి పట్టీ పెట్టి రెండు వరసల కుట్టు వేసింది. ఆ తర్వాత ఒక్కటీ తిరిగి రాలేదు. షెడ్యూల్లో ‘వ్యాపారం మార్చుకోవడానికి ఏదైనా శిక్షణ పొందారా?’ అనే ప్రశ్న ఉంది. నియమం ప్రకారం అడిగాను. ఏసురత్నం నవ్వి, “ఆకలేసిందండి, అదే ట్రైనింగు” అన్నాడు.

వెంకట్రావు గుడివాడలో దొరకలేదు. పగలల్లా చెరువు గట్ల మీదే ఉండి, నీళ్లలో గాలి ఆడించే యంత్రాలకి స్టాండ్లు వెల్డింగు చేస్తున్నాడు. వర్క్‌షాపుకి తాళం అందుకే.

డైరెక్టరు గారికి ఫోన్లో అంతా చెప్పాను. మూత అని రాసిన ప్రతి షాపుకీ మళ్లీ వెళ్లి యజమాని ఏమయ్యాడో కనుక్కోవాలి, పది రోజులు గడువు కావాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రిపోర్టు చిత్తుప్రతి అప్పటికే తయారైంది. ఆన్‌లైన్ అమ్మకాలు, శిక్షణ లేని షాపులు మూతబడ్డాయన్నది దాని సారాంశం. మీరు చెప్పే ఆ ముగ్గురివీ కథలు, డేటా కాదు అన్నారు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. నడుస్తున్న షాపుల జాబితా రిపోర్టుకి జతచేస్తారు. నిధులిచ్చిన సంస్థ చిన్న వ్యాపారులు పని చేసుకోవడానికి బందరులో కట్టిస్తున్న ఉమ్మడి షెడ్డులో చోటు ఆ జాబితాలో ఉన్నవాళ్లకే. మూత అని పడితే ఆ గుమ్మం తొక్కే వీలుండదు.

అలాగైతే ధ్రువపత్రం మీద నేను సంతకం పెట్టనని చెప్పాను. సర్వేకి నాకిచ్చిన జీపు వెనక్కి పిలిపించారు. సెలవు పెట్టి బస్సుల్లో, షేరు ఆటోల్లో తిరిగాను. మూత అని రాసిన ఇన్వెస్టిగేటరు ప్రసాదు, నేను చెప్పకుండానే నాతో వచ్చాడు. నిజం చెప్పాలంటే, వాటిలో చాలా షాపులు నిజంగానే మూతబడ్డాయి. ఒక ఇంట్లో యజమాని ఫొటోకి దండ వేసి ఉంది. అక్కడ షెడ్యూలు తీయకుండానే తిరిగొచ్చాం. మిగిలినవాళ్లు ఏదో ఒక చోట, ఏదో ఒక పని చేస్తూ కనిపించారు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఈలోగా మెమో వచ్చింది. పై అధికారి ఆదేశం ఎందుకు పాటించలేదో వారంలో సంజాయిషీ ఇవ్వాలి. ‘పనిచేస్తున్న షాపు మూతబడిందని ధ్రువీకరిస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది కాబట్టి సంతకం చేయలేదు’ అని ఒక్క వాక్యం రాసి పంపాను.

సర్వే ఫలితాలు వ్యాపారులకు వినిపించే సభ బందరులో ఒక కల్యాణమండపంలో జరిగింది. ఎవరైనా రావచ్చని కరపత్రంలో ఉంది కాబట్టి, ముగ్గురికీ నేనే కబురు పెట్టాను. డైరెక్టరు గారు, నా సంతకం లేని ఆ చిత్తుప్రతిలోంచే, కాలానికి తగ్గట్టు మారలేని షాపులు మూతబడ్డాయని చదువుతుండగా, రహీమున్నీసా గారు చేతిలో ట్రేతో లేచి నిలబడింది.

“ఆగండి సార్. మీ కాయితంలో మూతబడ్డ షాపు నాది. మారలేదన్నారు. స్కూలు చొక్కాలు కుట్టే మిషను మీద రొయ్యల వల కుట్టాను, ఇంకెలా మారాలండీ? మీరిచ్చే షెడ్డు ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. మూతబడిందని మాత్రం నా ముందు చదవడానికి వీల్లేదు. కొట్టేయండి.”

వెనక వరసలో ఏసురత్నం, వెంకట్రావు కూడా లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చోలేదు. నిధులిచ్చిన సంస్థ ప్రతినిధి ఒక పెద్దావిడ, ఇది నిజమేనా అని డైరెక్టరు గారిని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను వెళ్లి, మళ్లీ నింపిన షెడ్యూళ్ల కట్ట ఆవిడ ముందు పెట్టాను.

జాబితా సరిచేశారు. సరిచేసిన దాని మీద సంతకం పెట్టాను. షెడ్డులో రహీమున్నీసా గారికి చోటు దొరికింది. వ్యాను వ్యాపారం నిబంధనల్లోకి రాదని ఏసురత్నానికి ఇవ్వలేదు. వెంకట్రావు, నాకు గట్లే బాగున్నాయి అని దరఖాస్తే పెట్టలేదు. రిపోర్టు సారాంశం మారలేదు కానీ, నా షెడ్యూళ్ల ఆధారంగా ఒక అధ్యాయం చేర్చారు. అందులో నా పేరు లేదు. మెమో ఉపసంహరించలేదు. నేను రిటైరైన రోజున కూడా అది నా సర్వీసు ఫైల్లోనే ఉంది. తీసేయమని నేనూ అడగలేదు.

అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. గడ్డుకాలం వచ్చినప్పుడు చిన్న వ్యాపారిని ముందు నిలబెట్టేది, మంచి రోజుల్లో అతని చేతిపని చూసినవాడు. ఏసురత్నానికి ఆ ఇద్దరి పనితనం ముందే తెలుసు కాబట్టి కొత్త పని వాళ్ల గుమ్మానికి చేరింది. షెడ్డూ, శిక్షణా దాని తర్వాత వస్తే పనికొస్తాయి. ఇక మా వృత్తి సంగతి. మూత అని రాసి తర్వాతి షాపుకి వెళ్లమని ఇరవై ఏళ్ల పాటు కొత్త ఇన్వెస్టిగేటర్లకి నేర్పింది నేనే. అలా తయారైన రిపోర్టుల మీద ఉన్న సంతకాలూ నావే. వాటిలో మూత అని రాసినా నిజానికి బతికి ఉన్న షాపులు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు తేల్చే దారి లేదు.