ఉప్పు పులుసు, బెటర్ సంబంధం

నా చిన్నప్పుడు ఇంట్లో అందరూ నన్ను అనుమానప్పక్షి అనేవారు. పాలు పోసే ఆమె నవ్వుతూ వస్తే ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపిందేమో అనుకునే రకాన్ని. అనుమానం పెనుభూతం అని నాయనమ్మ రోజూ తిట్టేది. ఆ ఇంట్లోనే నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని, ఆ మనిషి మా అత్తేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది టెక్కలి దగ్గర పల్లె. తాతయ్య హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. మా నాన్న చెల్లెలు, అంటే మా అత్త, పెళ్లీడు దాటిపోతోందని నాయనమ్మకు ఒకటే బెంగ. ఆ బెంగ వాసన పట్టి ‘నౌపడ బావ’ మా ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాడు. తాతయ్యకు దూరపు బావ వరస. పెళ్లి సంబంధాలు కుదర్చడం ఆయన పని. మా ఉప్పు డబ్బా నిండేది కూడా ఆయన చేతి మీదే. వచ్చినప్పుడల్లా నౌపడ ఉప్పుమడుల నుంచి గుడ్డ సంచీలో రాళ్లుప్పు తెచ్చేవాడు.

మొదట ఒక సంబంధం చెప్పాడు. ఆస్తి ఉంది గానీ అబ్బాయికి తాతయ్య వయసు ఉంటుందన్నాడు. తర్వాత ఇంకొకటి చెప్పాడు. పిల్లాడు ఎర్రగా బుర్రగా ఉంటాడు గానీ పేకాటలో ఇంటి తలుపులు కూడా పెట్టేశాడన్నాడు. నాకు అక్కడే అనుమానం తగిలింది. పెళ్లిళ్లు కుదిర్చేవాడు నల్లపిల్లను బంగారుబొమ్మ అంటాడు గానీ, తను తెచ్చిన సంబంధంలో తప్పులు తనే ఏకరువు పెడతాడా? ఈ మాట నాయనమ్మతో అంటే, “నీకెందుకే గుంటా పెద్దోల్ల ఊసులు” అని కసిరింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. “ఆ ఇద్దరికన్నా ఈ కుర్రోడు బెటర్ బావా! సర్కారు కొలువు” అన్నాడు. అంతే, ఇంట్లో అందరికీ ఊపిరి వచ్చింది. తాతయ్య కూడా సరేనన్నాడు. తెల్లారితే మాట ఇచ్చేయడమే. అత్త మాత్రం తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఆ సాయంత్రం తాతయ్య మంచి హుషారు మీద ఉండి, బెటర్ అన్న మాట గురించి నాకు పాఠం మొదలుపెట్టాడు. అది గుడ్ ఇంట పుట్టిన మాట కాదట. వేరే ఇంటి నుంచి పెంపుడు వచ్చి, గుడ్‌కి పెద్దకొడుకై కూర్చుందట. దాని పాత చుట్టాల్లో ఒక మాటకు నయం చేయడం, బాగుచేయడం అని అర్థమట. మనమూ అంతేగా, జ్వరం నయమైంది అంటాం, వాడికన్నా వీడు నయం అంటాం అని మురిసిపోయాడు. అయితే ఆ మాట ఒంటరిగా నిలబడదు, దేనికన్నా అన్నది పక్కన ఉండాల్సిందే, పైకి చెప్పకపోయినా మనసులో ఉంటుంది అని కూడా చెప్పాడు. అప్పుడు అత్త చేట మీంచి తల ఎత్తింది.

“అయితే నాన్నా, పక్కన చెడ్డది పెడితే ఏదైనా బెటరేనా?”

“అవును మరి!” అన్నాడు తాతయ్య, తెలివైన శిష్యురాలు దొరికినట్టు సంబరపడి. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆయనకు తట్టలేదు. నాకు కొంచెం తట్టింది. రాత్రంతా అత్త వైపే చూస్తూ పడుకున్నాను.

మర్నాడు నౌపడ బావ భోజనానికి కూర్చున్నాడు. తాతయ్య కూడా పక్కనే విస్తరి ముందు ఉన్నాడు. ఎప్పుడూ వంటింట్లోంచి బయటికి రాని అత్త, తనే వచ్చి ఆనపకాయ పులుసు వడ్డించింది. ఒక ముద్ద పెట్టుకున్నాడో లేదో ఆయన కళ్లు బైర్లు కమ్మాయి. “ఓలమ్మో! ఇదేటే, సముద్రం తెచ్చి కాసేవా?” అని నీళ్ల చెంబు ఎత్తేశాడు. నాయనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అత్త ఇంకో గిన్నె తెచ్చి, ఆకులో ఇంకో పక్కన పోసింది.

“ఇది సూడు మావా.”

ఆయన భయంభయంగా నాలిక్కి రాసుకున్నాడు. “దానికన్నా బెటరే” అన్నాడు.

“అయితే తినేయ్.”

ఆయన చెయ్యి కదల్లేదు. అది కూడా గొంతు దిగే పులుసు కాదు.

“తినలేవు గదా. ఇప్పుడు ఆ ఇద్దరి ఊసు ఒగ్గేసి, ఈయన గురించొక్కటే సెప్పు మావా. మంచోడేనా?” అంది అత్త. కళ్లు దించలేదు.

తాతయ్య గబుక్కున తల తిప్పి ఆయన మొహంలోకి చూశాడు. ఇంగ్లీషు మాస్టారి చూపు అది, ఆ చూపుకు బడంతా జడిసేది. నౌపడ బావ నీళ్ల చెంబు పక్కన పెట్టాడు. “ముందొకపాలి పెల్లయిన మాట నిజమే బావా. ఆ పిల్లే ఒగ్గేసి ఎల్లిపోనాది. కొట్టేడంటారు గానీ, ఎవులు సూసొచ్చేరు?” అన్నాడు.

తాతయ్య విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత వాకబు చేస్తే తేలింది, ఆ మొదటి ఇద్దరి ఇళ్లలోనూ మా ఇంటి పేరే తెలియదు. వాళ్లను అడగనే లేదు. మూడోవాడు బాగా కనబడాలని పక్కన నిలబెట్టిన మనుషులు వాళ్లు. మూడోవాడి తరపువాళ్లే ఈయన్ని పంపారు.

ఆయన వెళ్లిపోయాక అత్త పొయ్యి వెనక దాచిన మూడో గిన్నె తెచ్చింది. అందులో అసలు పులుసు ఉంది. అందరికీ వడ్డించి గోడకు ఆనుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది. తాతయ్య ఒక ముద్ద తిన్నాడు. తర్వాత కూతురి తల మీద ఎడమచెయ్యి వేసి, “బాగుందమ్మా” అన్నాడు. బెటర్ అనలేదు.

అత్త టీచరు ట్రైనింగ్ చేసి, తర్వాత తనకు నచ్చిన మనిషినే చేసుకుంది. నేను మాత్రం ఇప్పటికీ అనుమానప్పక్షినే. టీవీలో సబ్బు బెటర్ అన్నా, ఓట్లకొచ్చినవాడు వాళ్లకన్నా మేం నయం అన్నా, ముందు పక్కన ఎవరిని నిలబెట్టాడా అని చూస్తాను. మొన్న ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందత్తా, నిన్నటికన్నా నయమా అని అడిగాను. పండు ముసలిది, మంచం మీద ఉంది, అయినా విసుక్కుంది.

“నిన్నటి ఊసు నాకెందుకే? బాగోలేదు. వచ్చి సూసి ఎల్లు.”

ఆ సాయంత్రమే బస్సెక్కాను.