బస్సు కప్పు కారిన రోజు

పుదుచ్చేరిలో జోరువాన. నేను బస్సులో ఉండగా, మా ఇంట్లో అద్దెకున్నామె ఫోన్ చేసి కప్పు కారుతోందంది. చూస్తానని తమిళంలో మర్యాదగా చెప్పాను. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అనుకుని తెలుగులో గట్టిగానే అన్నాను.

"మిద్దెకు ఇప్పుడు ఖర్చేంది? బకెట్టు పెట్టుకోమందాం. వానలు పోతే ఆమే మరిచిపోతుంది."

అంతలో బస్సు కప్పు కారి నా భుజం తడిసింది. పక్కనున్న ముసలామె కిటికీ వైపు ఒదిగి చోటిచ్చింది.

"ఇట్ల జరుగు నాయనా, తడస్తావుండావు. మేమూ బాడిగింట్లో బకెట్టే పెట్టుకుంటాము" అంది, తెలుగులోనే.

జరిగాను. దిగేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ వానల్లోనే కప్పు బాగుచేయించాను. అద్దెకున్నామె నా మంచితనాన్ని పొగుడుతుంటే, మూలన బోర్లించిన బకెట్టును చూస్తూ నిలబడ్డాను.