చిలీ గడిలో జనవరి

ఆయన్ని ప్రెస్సులో అందరూ ఎర్రసిరా అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, పోనుపోను మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనా దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతున్న మనిషి. ఇంట్లో భార్య రాసిచ్చిన సరుకుల చీటీలో కూడా ఒత్తులూ దీర్ఘాలూ దిద్దితే గానీ సంచీ చేతపట్టేవాడు కాదు. "ఉప్పు వస్తే చాలదటండీ, ఒత్తుతో పనేంటి?" అని ఆవిడ విసుక్కుంటే, "ఒత్తు లేని ఉప్పు కూరకి పట్టదే" అనేవాడు.

ప్రూఫు దిద్దేవాళ్ళు రచయిత రాసిచ్చిన మూలప్రతిని పక్కనే పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట వేలు ఆడించి మరీ చెప్పేది ఆయనే. తనకి మాత్రం మూలప్రతి అక్కర్లేదని ఎప్పుడో తీర్మానించేసుకున్నాడు. తప్పు దానంతటదే వచ్చి ఆయన కంట్లో గుచ్చుకుంటుందట.

అలా గుచ్చుకున్నదే ఈ జనవరి.

ఏడో తరగతి భూగోళం పుస్తకంలో నార్వే, చిలీ దేశాల్ని పోల్చే పాఠం ఒకటుంది. పాఠం చివర ఒక పట్టిక. ఎడమవైపు నార్వే, కుడివైపు చిలీ. ఆయనకి ఆ పాఠం భలే నచ్చింది. ఒకటి భూమికి నెత్తిన, ఇంకొకటి అరికాలి దగ్గర. అయినా కవలపిల్లల్లా రెండూ సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. రెండింటికీ తూర్పున కొండలు, పడమట సముద్రం. రెండుచోట్లా సముద్రం కొండల సందుల్లోకి వేళ్ళు దూర్చినట్టు చొరబడింది. తేడా అంతా నీళ్ళలో ఉంది. నార్వే తీరానికి వెచ్చటి ప్రవాహం వచ్చి తగులుతుంది, అందుకే అంత ఉత్తరాన కూడా అక్కడి రేవులు గడ్డకట్టవు. చిలీ తీరం వెంట చల్లటి ప్రవాహం పోతుంది, ఆ దేశం ఉత్తరపు కొసన వాన మొహం ఎరగని ఎడారి. ఇదంతా ఆయన తలాడిస్తూ చదివి రెండు కామాలు చేర్చాడు. ఆ కింద జనవరి అన్న వరసలో నార్వే గడిలో చలికాలం అనీ, చిలీ గడిలో వేసవి అనీ ఉంది.

"జనవరిలో వేసవేంటి, నా తలకాయ!" అనుకున్నాడు. ఎర్రకలం అందుకుని చిలీ జనవరిని చలికాలం చేశాడు. చేతులు ఊరుకోక, జూలై వరసలో చిలీకి ఉన్న చలికాలాన్ని కొట్టేసి వేసవి చేశాడు. మూలప్రతి నాలుగడుగుల దూరంలో కంపోజింగ్ అమ్మాయి బల్ల మీదే ఉంది. లేచి చూస్తే సరిపోయేది. లేవలేదు.

అమ్మాయి అంటే నిజంగా అమ్మాయేం కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. చేరిన రోజున ఆయన అమ్మాయ్ అని పిలిచాడు కాబట్టి ప్రెస్సంతటికీ అమ్మాయి అయిపోయింది. ఆవిడ ఆయన్ని బాబాయిగారూ అనేది.

పుస్తకాలు అచ్చయ్యాయి. సగం బడులకి వెళ్ళాయి, సగం గోదాములో ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలు చేస్తుంటే, మనవరాలు ఆ పేజీ తెరిచి పట్టుకొచ్చింది.

"తాతయ్యా, మా టీచరు ఇది చూసి ఎంత నవ్విందో! భూమధ్యరేఖకి అవతల కాలాలు తిరగబడి ఉంటాయట. మనం చలికి వణుకుతుంటే చిలీలో వాళ్ళు చెమటలు కక్కుతుంటారట. ఇది వేసినవాళ్ళెవరో బడి గడప తొక్కి ఉండరంది."

ఆయన పేజీ వంక ఒక్క చూపు చూసి ముద్ద మింగేశాడు. "కంపోజింగ్ వాళ్ళమ్మా," అన్నాడు. "వాళ్ళకేం తెలుస్తుంది? ఏది తోస్తే అది కొట్టేస్తారు."

"మరి నువ్వు చూడలేదా?"

"ఒక్కోసారి కన్ను తప్పుతుంది" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. వెనకనుంచి భార్య చూస్తున్నట్టు ఆయన వీపుకి తెలిసింది.

ఒకసారి చెప్పిన అబద్ధానికి నోరు అలవాటు పడిపోతుంది కాబోలు. మర్నాడు ఏదో బడినుంచి వచ్చిన ఉత్తరం చేత్తో పట్టుకుని యజమాని అందరినీ హాల్లోకి పిలిచి, "ఈ నిర్వాకం ఎవరిది?" అని అరిచినప్పుడు, ఆయన నోటికి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"నేను సరిగ్గానే దిద్దానండీ. కంపోజింగ్‌లో తారుమారై ఉంటుంది."

కంపోజింగ్ అమ్మాయి తలెత్తి ఆయన వంక చూసింది. బాబాయి అని నోరారా పిలిచిన మనిషిని నలుగురిలో అబద్ధాలకోరు అనడం ఆవిడకి చేతకాలేదు. యజమాని మాత్రం ఆవిడని నిలబెట్టి కడిగేశాడు. కళ్ళెక్కడ పెట్టుకున్నావన్నాడు, ఇంకొక్క తప్పు దొరికితే మర్నాటినుంచి రానక్కర్లేదన్నాడు. గోదాములో ఉన్న ప్రతి పుస్తకంలోనూ సవరణ చీటీ ఆవిడే అతికించాలని తీర్పు చెప్పాడు.

పొద్దున్నంతా టైపు, మధ్యాహ్నంనుంచి జిగురు. కిటికీ కింద పుస్తకాల గుట్టల మధ్య కూర్చుని ఆవిడ చీటీలు అతికిస్తుంటే, ఎదురు బల్ల దగ్గర ఎర్రసిరాకి ఒక్క పేజీ సాగేది కాదు. బైండరు అటుగా పోతూ "ఏమ్మా, చిలీలో ఎలా ఉంది వాతావరణం?" అని వేళాకోళమాడేవాడు. అందరూ నవ్వేవారు. అలవాటు కొద్దీ మొదటిరోజు ఆయనా నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే తరవాత ఆయనకి ఒళ్ళు చచ్చిపోయేది. అయినా నోరు తెరవలేదు. పన్నెండు రోజులు తెరవలేదు.

పదమూడో రోజు ప్రెస్సు అటక ఎక్కాడు. దిద్దిన ప్రూఫులన్నీ కట్టలు కట్టి అక్కడే పడేస్తారు. నిజం చెప్పాలంటే, ఆ కాగితం చింపేద్దామనే ఎక్కాడు. ఎవరైనా తీసి చూస్తే తన రాత తనని పట్టిస్తుందని భయం.

కట్ట విప్పాడు. పట్టిక ఉన్న పేజీ దొరికింది. చిలీ గడిలో తన ఎర్రటి కొట్టివేతలు నిక్షేపంగా ఉన్నాయి. వాటి పక్కన, అంచున, పెన్సిలుతో సన్నటి అక్షరాలు: "బాబాయిగారూ, మూలప్రతిలో జనవరికి వేసవి అనే ఉంది. ఒకసారి చూస్తారా?"

దాని కింద ఎర్రసిరాతో, తన దస్తూరీలో: "దిద్దింది దిద్దినట్టు పెట్టు."

అప్పుడు గుర్తొచ్చింది. నలుగురిలో అడిగితే ఆయన చిన్నబోతాడని, ఆవిడ ఆ మాట కాగితం మీద రాసి పంపింది. పూర్తిగా చదవకుండానే ఆయన జవాబు గీకి వెనక్కి తోసేశాడు. ఇంత తెలిసీ ఆవిడ ఇన్నాళ్ళూ అటక వంక చెయ్యి చూపించలేదు. ఆ ధూళిలో, మోకాళ్ళ మీద, అరవై ఏళ్ళ మనిషికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కాగితం చింపలేదు. కిందికి దిగి, హాల్లో అందరూ ఉండగా, యజమాని చేతిలో పెట్టాడు. "తప్పు నాది. ఈ అమ్మాయి చెప్పింది కూడా. నేనే వినలేదు. పైగా అబద్ధమాడాను."

యజమాని కాగితం చూశాడు, ఆయన తెల్లజుట్టు చూశాడు, చిన్నగా నవ్వాడు. "పోనిద్దురూ గురువుగారూ, ఇన్నేళ్ళలో ఒక్క తప్పు. ఎవరికైనా జరిగేదే. దీనికింత బాధపడతారా?" అంటూ భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. మెల్లగా కిటికీ దగ్గరికి నడిచి, ఆవిడ పక్కన కింద కూర్చుని, చీటీల దొంతర తనవైపు లాక్కున్నాడు. "నన్ను క్షమించమ్మా" అందామనుకుంటూనే గుట్టలోంచి ఒక పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు.

ఆవిడ జిగురు గిన్నె ఇద్దరి మధ్యకీ జరిపింది. చేతిలో ఉన్న పుస్తకం మూసి, ఇంకోటి అందుకుంటూ, కోపమేమీ లేకుండా అంది:

"ఒకటే జనవరి కదా బాబాయిగారూ. నా వైపు ఎండ కాసింది, మీ వైపు చల్లగా ఉంది, అంతే."

ఆయన చీటీకి జిగురు రాసి, చిలీ గడి మీద పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.