నీలం రేకుల వెనక ఏమొస్తుంది

బెంగళూరు శివార్లలో ఒక పెద్ద ఆటల పార్కు ఉంది. పేరు చెప్పను. చెప్తే ఆదివారం మీరూ వస్తారు, క్యూ ఇంకా పెరుగుతుంది. ఆ పార్కులో తర్వాత ఏ రైడ్ రాబోతోందో ఊహించడానికి మేము ఏడుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పెట్టమని పార్కువాళ్ళు అడగలేదు. మా ఇళ్ళలో మాత్రం తీసేయమని అడిగారు.

మహదేవపురలో నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. వారంలో ఐదు రోజులు ఇతరుల తప్పులు వెతికి, ఆదివారం సొంతంగా కొన్ని చేసేవాణ్ణి. అంతకు మించి నా జీవితంలో దాచాల్సిన రహస్యం ఒక్కటే: నేను రైడ్లు ఎక్కను. కళ్ళు తిరుగుతాయి. జెయింట్ వీల్ దాకా ఫర్వాలేదు, అదీ కిందికి దిగేటప్పుడు కళ్ళు మూసుకుంటే. మిగిలిన ఆరుగురూ రోలర్ కోస్టర్ ఎక్కి కేకలు పెడుతుంటే నేను కింద బెంచీ మీద బ్యాగులు, కళ్ళజోళ్ళు, ఫోన్లు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఈత రానివాడు చేపల గురించి మాట్లాడకూడదని ఎక్కడా లేదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

గ్రూపును నడిపేది ఒక ఆవిడ. అందరం అక్కా అనే పిలుస్తాం. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ తాత అనంతపురం వైపు నుంచి బెంగళూరొచ్చి స్థిరపడ్డాడట. ఆమె తెలుగులో కొంత కన్నడం, బోలెడంత చనువు ఉంటాయి. పన్నెండేళ్ళ కిందట బడిపిల్లల్ని విహారయాత్రకు తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చుని వాళ్ళ బ్యాగులు కాపలా కాస్తోంది. ఒక పిల్ల భయపడి ఏడుస్తుంటే తోడుగా రోలర్ కోస్టర్ ఎక్కింది. దిగాక పిల్ల ఏడుపు మానింది. అక్క మళ్ళీ వెళ్ళి క్యూలో నిలబడింది. ఆ మధ్యాహ్నం బ్యాగులు ఎవరు చూశారో ఇప్పటికీ తేలలేదు.

గ్రూపుకు ఒకే ఒక్క రూలు. అదీ అక్క పెట్టిందే. పార్కులో పనిచేసేవాళ్ళను సూటిగా అడగకూడదు. కంటికి కనిపించిన ఆధారాలను బట్టి తేల్చాలి.

"అడిగి తెలుసుకునేది పక్కోడి పేపరు చూసి రాసినట్లప్పా. ఆన్సరు వస్తాది, మార్కులు రావు" అనేది.

మొన్న ఎండాకాలం మొదట్లో పార్కు వెనకనున్న ఖాళీ స్థలం చుట్టూ నీలం రేకులు లేచాయి. రేకులు లేవడమంటే మా గ్రూపులో పండగ. లోపల ఏముందో కనపడేది ఒక్క జెయింట్ వీల్ పైనుంచే. మా డబ్బా పైకెళ్ళి కొద్ది సెకన్లు ఆగుతుంది, ఆ కొద్ది సెకన్లలోనే ఫోటోలు, బైనాక్యులర్లు, వాదనలు. ఆ వీల్ నడిపే అతను ఏడుగురు పెద్దవాళ్ళు ఒకే ఆదివారం తొమ్మిదిసార్లు ఎందుకెక్కుతున్నారా అని నెలరోజులు ఆలోచించి, ఆ తర్వాత మానేశాడు.

మూడో వారానికి నేల మీద ముగ్గు పోసిన గీతలు కనిపించాయి. పునాదులకు గుర్తులు. సూటిగా పోయి, వంపు తిరిగి, వెనక్కొచ్చి, మళ్ళీ వంపు తిరిగి... మొత్తం అయిదు మలుపులు. గీతల వెంబడి చిన్న చిన్న గుంతలు. నడిమధ్యలో ఒక పెద్ద చదరపు గుంత.

మాలో సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంటులో ఉండే ఒక ఆర్కిటెక్ట్ ఉన్నాడు. ఇళ్ళు కట్టే ఆర్కిటెక్ట్ కాదు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. ఇటుక ముట్టుకున్న పాపాన పోలేదు. ఫోటోలన్నీ అతికించి, వారంలోగా కంప్యూటర్‌లో పూర్తి రోలర్ కోస్టర్ కట్టి గ్రూపులో పెట్టాడు. అయిదు మలుపులు, మధ్యలో పెద్ద గుంత దగ్గర ఎత్తైన శిఖరం, అక్కణ్ణుంచి నిట్టనిలువు దూకుడు. రంగు కూడా వేశాడు. ఆ బొమ్మ చూడగానే బెంచీ మీద కూర్చునే నాకే కళ్ళు తిరిగాయి. కాబట్టి డిజైను కరెక్టేనని ఒప్పుకున్నాను.

మిగతావాళ్ళకు అది సరదా. అక్కకు మాత్రం గడువున్న పని. పెద్ద రైడ్ల దగ్గర బోర్డు మీద అరవై నిండినవారికి ప్రవేశం లేదని రాసి ఉంటుంది. అక్కకు ఆగస్టు చివర్లో అరవై నిండుతాయి. స్కూలు నుంచి రిటైర్మెంటు కూడా ఆ నెలే.

"గవర్నమెంటు పాఠం చెప్పొద్దంటాది, పార్కు బండెక్కొద్దంటాది. పాఠం సంగతి సరే, ముప్పైనాలుగేండ్లు చెప్పినా, ఇంక పిల్లోళ్ళూ సుఖపడనీ. ఈ పాత కోస్టరు మాత్రం నాకు నిద్రలో కూడా తెలుసప్పా. యాడ వంగుతాదో, యాడ కిర్రుమంటాదో... కొత్తది ఒక్కటి, ఒక్కసారి ఎక్కల్ల. అంతే" అంది ఒకరోజు టీ తాగుతూ.

"జుట్టుకు రంగేసుకోండక్కా. ఎవరు కనిపెడతారు?" అన్నాడు ఆర్కిటెక్ట్.

"లెక్కల టీచరు దగ్గర తప్పు లెక్క చేయిస్తావా? సుమ్మనే ఉండు" అంది. ఆమె కన్నడంలో సుమ్మనే అంటే ఊరికే.

కాబట్టి ఆ రైడ్ ఏమిటన్నదొక్కటే కాదు, ఆగస్టులోపు వస్తుందా రాదా అన్నది కూడా మా తలమీద పడింది. మరిన్ని ఆధారాలు కావాలి. లోపల పనిచేసేవాళ్ళంతా పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలనీ, వాళ్ళ మేస్త్రీ మధ్యాహ్నం వెనక గేటు దగ్గరి బండి మీద టీ తాగుతాడనీ తెలిసింది. వెళ్ళి మాట్లాడమని నన్ను పంపారు. అందరూ ఎక్కేటప్పుడు ఖాళీగా ఉండేది నేనే. రూలు గుర్తుచేసి మరీ పంపారు: కొలతలు అడగొచ్చు, అదేమిటని అడగకూడదు.

మేస్త్రీ నలభై దాటిన మనిషి. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నన్ను ఆసక్తిగా చూశాడు.

"అన్నా, గుంతలు ఎంత లోతు?" అన్నాను.

"నాలుగు ఫీట్లు సార్."

"మధ్యలో పెద్దది?"

"గది ఆరు. మీరు ఇంజనీరా?"

"సాఫ్ట్‌వేర్."

"అట్లనా" అన్నాడు జాలిగా. ఇంకో టీ చెప్పాడు, నాకు.

"ఆ పెద్ద గుంత మీద లేచేది ఎంత ఎత్తుంటుంది?"

"శాన ఎత్తు సార్. నిలబెట్టనీకి క్రేన్ రావాలె."

క్రేన్! మేస్త్రీ కాసేపు నా మొహంలోకే చూశాడు. "ఇంకేమన్న అడుగుతరా సార్?" అన్నాడు. అతని ముఖంలో ఎవరైనా అడిగితే చెప్పేద్దామనుకుంటున్న మనిషి ఓపిక ఉంది. నేనది గమనించాను. గమనించి కూడా, "లేదన్నా, చాలు" అని గర్వంగా వచ్చేశాను.

ఆ సాయంత్రం గ్రూపులో 'క్రేన్' అని ఒక్క మాట పెట్టాను. ఆ తర్వాత రెండు గంటలు ఫోన్ మోగుతూనే ఉంది. నాలుగడుగుల పునాది రోలర్ కోస్టర్‌కు చాలా తక్కువ కదా అని నాకే సందేహం వచ్చి అడిగితే, కొత్త టెక్నాలజీ బళ్ళు చాలా తేలికని ఆర్కిటెక్ట్ తేల్చాడు. గుంతలు పది అడుగులుంటే బండి చాలా బరువైనదని తేల్చేవాడు. మా శాస్త్రంలో వ్యతిరేక ఆధారం అంటూ ఉండదు.

జూన్ దాటింది. వానలకు పని నెమ్మదించింది. అప్పుడు అక్కలో ఒక మార్పు కనిపెట్టాను. అంతకుముందు వీల్ పైకి వెళ్ళగానే "ఏమొస్తా ఉండాదప్పా?" అని బైనాక్యులర్లు లాక్కునేది. ఇప్పుడు బైనాక్యులర్లు మాకే వదిలేసి, "ఎప్పటికి అయితాదంటావు?" అని మాత్రం అడుగుతోంది. వెంటనే, "ఏం లేదు, సుమ్మనే అడిగినా" అంటోంది. ఏమిటి అన్నది ఆట. ఎప్పుడు అన్నది ఆట కాదు. అంతమాత్రం నాక్కూడా అర్థమవుతుంది.

తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా టీ బండి దగ్గరికి పోయాను.

"అన్నా, ఇంతకీ మీరు కడుతున్నది ఏంటి?"

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "గంతేనా? ఆ దినమే అడగొచ్చు గద సార్! లోతులడిగిన్రు, ఎత్తులడిగిన్రు, అసలుది అడగకపోతిరి. అది లైను పందిరి."

"అంటే?"

"మంది లైన్ల నిలబడనీకి. ఎండ గొట్టకుండ, వాన పడకుండ. ఇట్ల వొయ్యి, అట్ల మళ్లి, మళ్ల ఇట్ల రావాలె. కింద పైపులు, పైన రేకులు."

"మరి మధ్యలో ఎత్తుది?"

"లైటు స్తంభం."

"ఆ లైన్ దేనికి? కొత్త రైడ్‌కా?"

"ఏడి కొత్తది సార్? గా పాత కోస్టర్ బండికే."

టీ చల్లారిపోయింది. ఏళ్ళ తరబడి క్యూల్లో నిలబడుతున్నవాళ్ళం. ఒక క్యూ పటం గీసి నేల మీద పరిచి చూపిస్తే, ఏడుగురిలో ఒక్కరం కూడా పోల్చుకోలేకపోయాం. పార్కు నిజంగానే విస్తరిస్తోంది. విస్తరిస్తున్నది మా నిరీక్షణ.

అక్కకు వీల్ మీదే చెప్పాను, పారిపోవడానికి వీలుండదని. పారిపోయేది నేనే అయ్యుండొచ్చు. "అక్కా, రూలు తప్పాను" అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. మా డబ్బా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. దిగేటప్పుడు కళ్ళు మూసుకోవడం కూడా మరిచిపోయాను.

"మలుపులు ఎన్ని?" అంది చివరికి.

"అయిదు."

"మన ఆర్కిటెక్ట్ వేసినదాంట్లో?"

"అయిదే."

"మరింకేం. స్టెప్పులన్నీ కరెక్టు, ఆన్సరొకటే తప్పు. నేనైతే సగం మార్కులు వేస్తా." ఒకసారి ముక్కు తుడుచుకుంది. ఆపైన నవ్వు మొదలైంది. ఎంత నవ్విందంటే డబ్బా ఊగింది, నేను కడ్డీ పట్టుకున్నాను. "లైటు స్తంభానికి పేరు గూడా పెట్టినామప్పా!"

నిజమే, ఆర్కిటెక్ట్ బొమ్మలోని ఆ శిఖరానికి పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాసే ధైర్యం లేదు.

"రూలు తప్పినందుకు శిక్ష వేయొద్దా?" అంది నవ్వు తగ్గాక.

"వేయండక్కా."

"ఆగస్టు దాకా ప్రతి ఆదివారం పాత కోస్టర్‌లో నా పక్కన కూసోవల్ల. ముందు సీట్లో."

బ్యాగులు చూసేవాళ్ళుండరని అన్నాను. లాకర్లున్నాయని అంది. లాకర్లున్న సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచింది నేనే.

ఏడు ఆదివారాలు కూర్చున్నాను. మొదటివారం ఏమీ చూడలేదు. రెండోవారం అక్క చెవి దగ్గర అరుస్తూ పాఠం చెప్పింది: "ఇప్పుడు ఎడమకు... ఇదో ఇక్కడ కిర్రుమంటాది... చూడు, అన్నది అన్నట్లే!" పాఠం చెప్తూ కిందికి దూకే మనిషిని అంతకుముందు చూళ్ళేదు. అయిదోవారానికి నేను కళ్ళు తెరిచాను. కింద రేకుల వెనక పందిరి గుంజలు లేస్తున్నాయి. పుట్టినరోజుకు ముందు ఆదివారం అక్క పదకొండుసార్లు ఎక్కింది, నేను నాలుగుసార్లు. మిగతా ఏడుసార్లు నేనేం చేస్తున్నానో అడగొద్దు. నిమ్మసోడా బాగా పనిచేస్తుంది.

సెప్టెంబరులో పందిరి తెరిచారు. నిజం చెప్పాలంటే చక్కగా ఉంది. గాలి ఆడుతుంది, వాన తగలదు. కొత్త రైడ్ వస్తే ఎంత వివరంగా రాస్తామో అంత వివరంగా మావాళ్ళు దాని మీద సమీక్ష రాశారు. మూడో మలుపు బాగుందని ఏకాభిప్రాయం. అక్క కూడా మాతోపాటు అయిదు మలుపులూ నిలబడింది. క్యూకు వయసు పరిమితి లేదు. బోర్డు దగ్గరికి రాగానే పక్కకు జరిగి చెయ్యి చాపింది.

"ఇట్లియ్యండి బ్యాగులు. నీదీ ఇయ్యప్పా, నువ్వింక ఎక్కేవాడివి."

ఇచ్చాను. ముందు సీట్లో నా పక్కన ఖాళీగా ఉంది. కిర్రుమనే చోటు రాగానే అలవాటుగా అటు తిరిగి చూశాను.

దిగివచ్చేసరికి అక్క బెంచీ మీద లేదు. పందిరి పక్కనున్న స్థలంలోకి మారిన నీలం రేకుల దగ్గర నిలబడి ఉంది. మెడలో మూడు బ్యాగులు, చేతిలో నాలుగు, తలమీద ఎవరిదో కళ్ళజోడు. ఎదురుగా మా మేస్త్రీ. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

"ఏం మాట్లాడుతున్నారక్కా?"

"లోపల ఏం కడతా ఉండారని అడిగినా. సూటిగా."

"రూలు?" అన్నాడు ఆర్కిటెక్ట్, గాయపడినట్టు.

"రూలు ఎక్కేవాళ్ళకప్పా. నేను ఎక్కేదాన్ని కాదు గదా."

"ఏం చెప్పాడు మరి?"

"మీరు ఎక్కేవాళ్ళు గదా. పైకి పోయి గుంతలు లెక్కబెట్టుకోండి."

మేస్త్రీ వైపు చూశాను. "మేడం చెప్పొద్దన్నది సార్" అని టీ బండి వైపు నడిచాడు.

అప్పటినుంచి గ్రూపులో ఒకటే చర్చ. ఈసారి గుంతలు గుండ్రంగా ఉన్నాయి, లోతు తెలియదు. మా దగ్గరున్న గట్టి ఆధారం ఒక్కటే. మేస్త్రీతో మాట్లాడిన అరగంటలోనే అక్క కౌంటరుకు వెళ్ళి ఏడాది పాసు రెన్యువల్ చేయించుకుంది. బ్యాగులు పట్టుకోవడానికి కూడా పాసు కావాలి కదా, అది ఆధారమే కాదని ఆర్కిటెక్ట్ వాదన. బ్యాగులు పట్టుకోవడానికి వెళ్ళే మనిషి నడకలో అంత హుషారుండదని నా వాదన. ఏళ్ళ తరబడి పట్టుకున్నవాణ్ణి, ఆ నడక నాకు తెలుసు. వయసు పరిమితి లేని రైడ్ ఏదో వస్తోందని రాసి, కింద మూడు కారణాలు కూడా పెట్టాను.

అక్క చదివింది. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.