వాన నీళ్ళని చెప్పాను

కెమెరా బాగుచేయించాలా, కొత్తది కొనుక్కోవాలా అని అడిగితే కిషన్ గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు అది ఎలా పాడైందో చెప్పమనేవారు. కింద పడిందా, పిల్లలు విప్పారా, నీళ్ళు తగిలాయా, తగిలితే ఏ నీళ్ళు? డాక్టరుకు రోగి చెప్పినట్టు చెప్పాలి. చెప్పిన మాటను ఆయన అనుమానించేవారు కాదు.

సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో, ఒక లాడ్జి మెట్ల కింద, ఒక మంచం పట్టేంత చోటు ఆయన దుకాణం. ఇరవై ఏళ్ళు అక్కడే కూర్చుని రీలు కెమెరాలు బాగుచేశారు. 2004 నాటికి అవి రావడం బాగా తగ్గిపోయింది. యాభైకి దగ్గరపడిన వయసులో డిజిటల్ కెమెరాల పని నేర్చుకోవడం మొదలుపెట్టారు. అందుకోసం ఒకటి కొనుక్కుని, ఖాళీ దొరికితే దాన్నే విప్పుతూ బిగిస్తూ ఉండేవారు. అలాంటి మనిషి తన చెయ్యిని తానే నమ్మలేని స్థితికి వచ్చాడు. తెచ్చినవాణ్ణి నేను.

నా పేరు దేముడుబాబు. మాది తుని. హైటెక్ సిటీ కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్ళకు గుర్తింపు కార్డుల ఫొటోలు తీయడం నా పని. ఆ రోజుల్లో ఒక్కో సోమవారం వందమంది, నూట యాభైమంది చేరేవారు. నేరేడ్‌మెట్‌లో బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి ఎమ్.ఎమ్.టి.ఎస్. రైల్లో వెళ్ళేవాణ్ణి. మెడలో డిజిటల్ కెమెరా, కాళ్ళకు మెరిసే బూట్లు. రైల్లో నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజనీరనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను కాదనలేదు.

మా నాన్న లారీ డ్రైవరు. ప్రతి దసరాకీ బండి కడిగి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చక్రాలన్నిటికీ పోసేవాడు. ఆ ఏడు ఆయుధపూజకు నేను కెమెరాను పీట మీద పెట్టాను. దాని సంచికి బొట్టు పెడితే చాలు కదా అంది మా ఆవిడ కుమారి. మనకు అన్నం పెడుతున్నది సంచా, కెమెరానా అని ఆమె మీద లేచాను. కాయ కొట్టి నాలుగు చుక్కలు చల్లబోతే, చెయ్యి జారిందో భక్తి ఎక్కువైందో, సగం చిప్ప నీళ్ళు దాని మీద పడ్డాయి. గబగబా తుడిచి మీట నొక్కాను. వెలగలేదు.

మర్నాడు కిషన్ గారి దగ్గరకు వెళ్ళాను. ఎప్పటిలాగే ఎలా పాడైందని అడిగారు. ఆయన బల్ల మీద స్క్రూడ్రైవర్లకూ పట్టకార్లకూ ముందురోజు పెట్టిన బొట్లు అలాగే ఉన్నాయి. విని నవ్వే మనిషి కాదని నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా నోరు రాలేదు. కిందటేడు దసరాకు ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటరుకు కుంకం పెట్టానని అక్కడివాళ్ళు వారం రోజులు నవ్వారు. ఆ నవ్వే చెవుల్లో మోగింది.

"వానలో తడిసిపోయిందండి," అన్నాను.

"ఉత్త వాన నీళ్ళేనా అన్నా? ఇంకేం తాకలేదు గద?"

"వాన నీళ్ళేనండి."

అయితే కొత్తది అక్కర్లేదు, ఆరబెడితే లేస్తుందని ఆయన ధైర్యం చెప్పారు. సోమవారం నూట నలభైమంది చేరుతున్నారు, కెమెరా లేకపోతే నా పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారని నేను తొందరపెట్టాను. దాన్ని బల్బు కింద పెట్టి రెండు రోజులు ఆరబెట్టారు.

ఆదివారం వెళ్ళేసరికి కెమెరా విప్పి బల్ల మీద ఉంది. బ్యాటరీ వేసి మీట నొక్కగానే లోపలి బోర్డు కాలిపోయిందట. బల్బు వేడి ఎక్కువైందో, ఇంకా ఆరకముందే నొక్కారో, తనకే అర్థం కావడం లేదన్నారు.

"నా చేతిల ఖరాబైందన్నా. మాఫ్ చెయ్యి."

అని సొరుగులోంచి తాను నేర్చుకోవడానికి కొనుక్కున్న కెమెరా తీసి నా చేతిలో పెట్టారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. సోమవారం గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా కెమెరా సంచిలో వేసుకుని బయటపడ్డాను. దారంతా, అంత పనిమంతుడు ముందే విప్పి చూసుకోవద్దా అని ఆయన్నే తప్పుపడుతూ వచ్చాను. అలా అనుకుంటే గానీ ఆ రాత్రి అన్నం దిగలేదు. ఇంతకన్నా నీచం ఉంటుందా?

రెండు నెలలు ఆ కెమెరాతోనే ఫొటోలు తీశాను. దుకాణం ముందు నుంచి వెళ్ళడానికి ముఖం చెల్లక చుట్టూ తిరిగి స్టేషన్‌కు పోయేవాణ్ణి. ఒకరోజు పొద్దున ప్లాట్‌ఫారం మీద పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే నరసరాజు కలిశాడు. కిషన్ డిజిటల్ కెమెరాలు ముట్టుకోవడం మానేశాడని చెప్పాడు. ఎవరో తెలిసినాయన ఇచ్చిన కెమెరా తన చేతిలో కాలిపోయిందట. బాగవుతుందా అని ఎవరడిగినా, కనీసం విప్పి చూడకుండా, కొత్తది కొనుక్కోమని పంపేస్తున్నాడట. కొడుక్కి చూపు తగ్గిందని తల్లి బాలమ్మ దిగులు పెట్టుకుని, దుకాణం మూసెయ్యమని పోరుతోందట. ఆ తెలిసినాయన ఎవరో నరసరాజుకు తెలియదు. రైలు వచ్చింది. అతను ఎక్కాడు, నేను ఎక్కలేదు.

నేరుగా దుకాణానికి నడిచాను. బాలమ్మ అక్కడే ఉంది. డెబ్బై దాటిన మనిషి, చెవి బాగా మందం. స్క్రూ కింద పడితే వెతికి ఇవ్వడానికని మల్కాజ్‌గిరి నుంచి రోజూ కొడుకుతోపాటు వచ్చి కూర్చుంటోంది. కెమెరా బల్ల మీద పెట్టాను. తల వంచుకుని, గొంతు తగ్గించి, అవి వాన నీళ్ళు కావనీ, ఆయుధపూజ కొబ్బరి నీళ్ళనీ, సిగ్గుపడి దాచాననీ చెప్పాను.

కిషన్ గారు చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. తిట్టినా బాగుండేది.

"కొబ్బరి నీళ్ళు ఎండితె లోపల జిగురు పడతది. అప్పుడే చెప్తే స్పిరిట్‌తోని కడిగి ఆరబెడుతుంటి. మంచిగైతుండె," అన్నారు. తర్వాత తల్లి వైపు చూశారు. "గట్టిగ చెప్పన్నా. అమ్మకు ఇనవడాలె."

గట్టిగా చెప్పాను. లాడ్జి మెట్లు దిగుతున్నవాళ్ళు ఆగిపోయారు. టీ బండి దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగారు. బాలమ్మకు మొదటిసారి అర్థం కాలేదు, ఏందీ అని చెవి ముందుకు పెట్టింది. రెండోసారి రోడ్డంతా వినబడేలా చెప్పాల్సి వచ్చింది.

"అబద్ధం చెప్పానమ్మా. మీ అబ్బాయి చేతిలో తప్పేమీ లేదు."

ఆమె నా వైపు చూడలేదు. కొడుకు కుడిచెయ్యిని ఒళ్లోకి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ నిమురుతూ కూర్చుంది. నేను అలాగే నిలబడి ఉన్నాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.