అన్న చెప్పిన అంకెలు

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తాను. లేత్ మీంచి దిగిన ముక్కల్ని గేజీలో పెట్టి చూడటం, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర రంగు పూసి పక్కన పడేయడం నా పని. మెషీన్ మీద ఉండేవాళ్లు బతిమాలతారు, విసుక్కుంటారు, నా వెనక ఏవేవో పేర్లు పెట్టుకుంటారు. నేను లొంగను. ఇలాంటి దాన్ని ఏళ్ల తరబడి దొంగ అంకెలు రాశానంటే మా ఫ్యాక్టరీలో ఒక్కరూ నమ్మరు.

ఆ అంకెలు రేడియోవి. మా అన్న కాడుగోడిలో ఉంటాడు. షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు వెతుక్కుని వినడం ఆయనకు కుర్రతనం నుంచీ పిచ్చి, నాకూ ఆయనే అంటించాడు. చక్కెర జబ్బుతో చూపు పూర్తిగా పోయాక పేపరు లేదు, బొమ్మసంద్రలో ఉద్యోగం లేదు, ఒంటరిగా వీధి దాటడం లేదు. మిగిలింది సాయంత్రం ఆరున్నరకి సముద్రాల అవతల నుంచి వచ్చే ఒక అరగంట ప్రోగ్రాం. చలిదేశం, చేపలవాళ్లు, మంచులో ఆగిపోయిన రైలు, ఇలాంటి కబుర్లే చెబుతారు. అన్నకి అవే కావాలి.

ఫోనులో కూడా వస్తుంది కదా అని అందరూ అంటారు. మా వదిన పెట్టి చూపించింది కూడా. అన్న రెండు నిమిషాలు విని పక్కన పెట్టేశాడు.

“పక్కింట్లో మాట్లాడినట్ల ఉండాది. ఇందులో దూరమే లేదు కదప్పా” అన్నాడు.

ఇప్పుడు బెంగళూరులో షార్ట్‌వేవ్ వినడమంటే మాటలు కాదు. ఎల్‌ఈడీ బల్బు, ఛార్జర్, ఇన్వర్టర్, ప్రతిదీ రేడియోలో గరగరలాడుతుంది. అందుకని ఆరున్నర కాగానే వదిన మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తుంది. రేడియో బ్యాటరీల మీద నడుస్తుంది. “దీపాలు పెట్టే వేళకి ఇల్లు చీకటి చేసుకునేది ఊరు మొత్తానికి మేమొకరమే” అని గొణుగుతూ దేవుడి దగ్గర ఒత్తి వెలిగిస్తుంది. గొణగడమే గానీ ఒక్కరోజు కూడా మానలేదు. మా వదినంటే నాకు అందుకే గౌరవం.

విన్నవాళ్లు స్టేషన్‌కి రిపోర్టు రాయడం ఈ పిచ్చిలో ఒక ఆచారం. ఏ రోజు, ఏ టైముకి ఏం విన్నామో రాసి, కింద ఐదు అంకెలు వేయాలి. సిగ్నల్ బలం ఎంత, పక్క స్టేషన్ల అడ్డం ఎంత, గరగర ఎంత, గొంతు వస్తూ పోతూ తేలిపోవడం ఎంత, మొత్తం మీద ఎలా ఉంది. దేనికైనా ఐదంటే చక్కగా ఉన్నట్టు, గరగరకైతే అసలు లేనట్టు; ఒకటంటే అధ్వాన్నం. విన్నది నిజమని తేలితే వాళ్లొక బొమ్మ కార్డు పంపుతారు. ఆదివారాల్లో నేను మెజెస్టిక్‌లో మెట్రో మారి కాడుగోడి వెళ్లి, అన్న చెబుతుంటే ఆయన పేరుతో రిపోర్టు రాసేదాన్ని. కార్డు వచ్చినప్పుడు అందులో కొండ ఎంతుందో, పడవ ఏ రంగో చెప్పేదాన్ని. అన్న కార్డు మీద వేలు పెట్టి “పడవ ఇక్కడా?” అని అడిగేవాడు.

“బలం మూడు రాయి పాపా. అడ్డం రెండు. గరగర రెండు. తేలేది మూడు. మొత్తానికి రెండు.”

“రాసినా అన్నా” అనేదాన్ని. కాగితం మీద మాత్రం ఐదు ఐదులు ఉండేవి.

ఎందుకు? ఒకరు పెట్టిన అన్నానికి వంక పెట్టకూడదని మా అమ్మ నేర్పింది. చారులో ఉప్పు లేకపోయినా బాగుందని ఇంకో గరిటె వేయించుకోవాలి. అంత దూరం నుంచి మా కోసం కష్టపడి వినిపిస్తున్నవాళ్లకి ‘రెండు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. పైగా వాళ్లు నొచ్చుకుని కార్డు పంపకపోతే అన్న చిన్నబుచ్చుకుంటాడు. ఇనుప ముక్క దగ్గర చూపించే నిజాయితీ నాకు మర్యాద దగ్గర లేకపోయింది.

పోయిన వానాకాలంలో స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. రేడియోలో రెండు చోట్ల, ఇరవై ఐదు మీటర్ల బ్యాండు మీదా, ముప్పై ఒకటి మీదా ఒకే ప్రోగ్రాం వస్తోంది, అక్టోబరు చివర్లో సీజన్ మారేటప్పుడు ఒకటే ఉంచుతాం, రెండూ విని రాయండి అని. అన్న వారం రోజులు శ్రద్ధగా విన్నాడు. ఇరవై ఐదుకి నాలుగులు చెప్పాడు. ముప్పై ఒకటికి ఒకటి, రెండు. నేను అలవాటు కొద్దీ రెండిటికీ ఐదులే వేసి పంపాను.

వాళ్లు ముప్పై ఒకటి ఉంచారు.

నవంబరులో నేను వెళ్లేసరికి ఇల్లు చీకటిగా ఉంది. దేవుడి దగ్గర ఒత్తి వెలుగుతోంది. అన్న రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. వట్టి గరగర. దాని మధ్యలో వేరే ఏదో స్టేషన్ సంగీతం. అరగంటా అలాగే కూర్చున్నాడు. తర్వాత రేడియో ఆపి, “రోజూ ఇంతే పాపా. మనం నిజమే చెప్తిమి. మిగిలినోళ్లకి బాగా వినపడ్తా ఉంటుందేమో. ఏం చేస్తాం” అన్నాడు.

అప్పుడు కూడా నేను ఐదుల సంగతి చెప్పలేదు. ఇంకో రెండు ఆదివారాలు వెళ్లాను, ఆ గరగర విన్నాను, తిరిగొచ్చాను. మూడో ఆదివారం ఆయన వేళ్లు ముల్లుని ఒక సన్నటి గీత ఇటూ, ఒక గీత అటూ జరుపుతూనే ఉంటే ఇక చూడలేక చెప్పేశాను. ఈ ఒక్కసారి కాదు, మొదటి నుంచీ అని కూడా చెప్పాను.

అన్న రేడియో ఆపాడు. వదిన మెయిన్ వేసింది. లైట్లు వెలిగాయి.

“కండ్లు పోయినాయి, చెవులన్నా నావి ఉండాయనుకుంటి” అన్నాడు. “వాటినీ నువ్వే దిద్దితివా?”

తిట్టినా బాగుండేది. నేను ఏడ్చాను. వదిన కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ రాత్రే ఇంటికొచ్చి స్టేషన్‌కి ఉన్నదున్నట్టు రాశాను. రాసిన ఐదులన్నీ నావి, మా అన్నవి కావు అని. జవాబు వస్తుందన్న ఆశ లేదు. మూడు వారాలకి వచ్చింది. మీ వైపు నుంచి మాకు తక్కువ మార్కులు ఎప్పుడూ రాలేదు, బాగుందనే అనుకున్నాం అని. ఒక వారం పాటు ఇరవై ఐదు మీటర్ల మీద మళ్లీ వేసి చూస్తాం, నిజం రాయండి, రిపోర్టులు చూసి నిర్ణయిస్తాం అని. ఇంత దూరం నుంచి ఇంత మెత్తగా అడిగేసరికి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ వారంలో రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఆరున్నరకి గొంతు వచ్చింది. మొదట స్పష్టంగా, తర్వాత తేలిపోతూ, మళ్లీ దగ్గరకి. అన్న నోరు కొద్దిగా తెరుచుకుని వింటున్నాడు. నా లోపల మనసు ఐదు, ఐదు అని ఎగిరింది. అంకెలు తక్కువైతే వాళ్లు మళ్లీ తీసేస్తారన్న భయం.

ప్రోగ్రాం అయిపోయింది. “బలం నాలుగు. అడ్డం నాలుగు. గరగర మూడు. తేలేది రెండు. మొత్తానికి మూడు” అన్నాడు.

“మూడు రాస్తే మనకి దక్కుతుందా అన్నా?”

“దక్కకపోతే పోనీ. రాయి.”

రాశాను. అన్న చెయ్యి చాపి నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. దాన్ని నాకు తిరిగివ్వకుండా వదిన వైపు చాపాడు.

“ఏం రాసిందో చదువు.”

వదిన నా ముఖం చూడకుండా ఒక్కో అంకే చదివింది. నాలుగు, నాలుగు, మూడు, రెండు, మూడు. అన్న తల ఊపి కాగితం మళ్లీ నా వైపు తోశాడు.

“సరే. ఇప్పుడు నా పేరు పెట్టు.”