గడ్డి పరిచారు, గడప దిగలేను

వానలు మొదలయ్యాయని మా కొడుకు ఈ రోజు ఇంటి ముందు మెట్ల నుంచి గేటు దాకా లాన్ గడ్డి వేయించాడు. మన చంద్రపూర్ ఎండకు గరికే ఆగుతుందని మొత్తుకున్నాను. మెత్తటి గడ్డే కావాలన్నాడు. అక్కడక్కడ పెట్టిన ఇటుకల మీద కొడుకూ కోడలూ గెంతుతూ గేటు దాటుతున్నారు. నా మోకాళ్లకు ఆ గెంతులు రావు.

"అత్తమ్మా, వేర్లు పట్టేదాంక గడ్డి మీద కాలు వెట్టకుండ్రి," అంది కోడలు.

"మరి గ్యాస్ అంటుకుంటే యాడికి ఉరకాలె బిడ్డా?"

"గప్పుడు గడ్డి మీదికెల్లే ఉరుకుండ్రి. ఎవలొద్దంటరు?"

వాళ్లు బజారుకు వెళ్లినప్పటి నుంచి గుమ్మంలోనే కూర్చున్నాను. గ్యాస్ కట్టేసే ఉంది. అయినా వాసన వస్తున్నట్టే ఉంది. మీరైతే దిగుతారా, ఇంకాసేపు చూస్తారా?